కోసిన మొహం పైకి

మేస్త్రికి రంపంతో ఎంత చనువో, కలంతో అంత పగ. కాగితం ముందు కూర్చోబెడితే చాలు, ఎక్కడలేని దగ్గూ ముంచుకొస్తుంది, వీపు దురద పెడుతుంది, పెరట్లో ఎవరో పిలిచినట్టు వినపడుతుంది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన సొంతంగా రాసింది సంతకం ఒక్కటే. మిగతాదంతా భార్య రాసింది. ఏ కాలిబాట మీద ఏ పలక పుచ్చింది, ఏ కాలివంతెనకి ఎన్ని బోల్టులు వదులయ్యాయి, ఎక్కడ పాచి పట్టి జనం జారుతున్నారు, అన్నీ ఆయన గడ్డం గీసుకుంటూనో కాళ్లు కడుక్కుంటూనో చెబుతూ పోతాడు, ఆమె రాస్తూ పోతుంది.

ఆమె డిగ్రీ చదివింది. ఆ వీధి మొత్తానికి డిగ్రీ చదివిన ఆడమనిషి ఒక్కతే ఉన్న రోజుల్లో అంటుకున్న పేరు, తర్వాత వీధినిండా డిగ్రీలు పుట్టుకొచ్చినా వదల్లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆమె డిగ్రీ అక్కే. "చదివిన చదువంతా దూలాల పాలైంది" అని తన మీద తనే జోకులేసుకుంటుంది గాని, ఆ రిపోర్టులంటే లోలోపల కాస్త గర్వమే. "మీ మేస్త్రి రిపోర్టు చదువుతుంటే నా చెప్పులకి బురద అంటినట్టుంటుంది" అని బాటల ఆఫీసులో ఇంజనీరమ్మ అన్నదని తెలిసి, ఆ వారమంతా ఆమె కూరల్లో ఉప్పు సరిగ్గా పడలేదు.

గురువారం పొద్దున ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మేస్త్రి దాన్ని విప్పకుండానే భార్య ముందు పెట్టి టీ గ్లాసు అందుకున్నాడు.

"ఏమంటున్నారో చూడు."

ఆమె చదివింది. చదివాక కాగితం మడతలు మళ్లీ ఒకసారి గోటితో నొక్కింది.

"తమ్ముడి సంగతి. ఏడాది గడిచింది కదా, మళ్లీ కాలిబాటల పనిలోకి తీసుకోమని అర్జీ పెట్టుకున్నాడట. మేస్త్రిగా మీ అభిప్రాయం రాయమంటున్నారు. మీరు వద్దంటే ఇక ఎప్పటికీ తీసుకోరు. సోమవారంలోగా పంపాలి."

మేస్త్రి టీ ఊదుకున్నాడు. అది చల్లారి చాలాసేపయింది.

"రాసెయ్. మనిషి అజాగ్రత్త, తీసుకుంటే ప్రమాదం అని. నీకు నేను చెప్పాలా? నాలుగు మంచి ముక్కలు కలిపి రాయి."

"వద్దని రాయడానికి మంచి ముక్కలేమిటండీ?"

"అదేలే. నొప్పి తెలియకుండా."

అంతే. ఆయన రంపం సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆమె తెల్ల కాగితం తీసి బల్ల మీద పెట్టుకుంది, తేదీ వేసింది, తేదీ కింద గీత గీసింది. ఆ తర్వాత ఒక్క అక్షరం కదల్లేదు.

తమ్ముడంటే ఆమెకి తమ్ముడూ, సగం కొడుకూ. తల్లి పోయాక పద్నాలుగో ఏట అక్క ఇంటికి వచ్చి, ఉన్న రెండు గదుల్లో ఒకదానికి యజమాని అయిపోయాడు. పిల్లల్లేని ఇల్లు. చదువు అబ్బడం లేదని తేలాక మేస్త్రి వాణ్ణి వెంటబెట్టుకుపోయి రంపం పట్టించాడు. అప్పటినుంచి ఇద్దరూ కలిసి చుట్టుపక్కల చిత్తడి నేలల మీదంతా చెక్కబాటలు పరిచారు, వాగుల మీద కాలివంతెనలు వేశారు, వేసినవాటిని ఏటా బాగుచేసుకుంటూ వచ్చారు.

వాళ్ల పని తీరే వేరు. ఎంత పొడుగు బాటైనా ఇద్దరూ ఒకచోట నిలబడి పనిచేయరు. బావ ఈ గట్టున మొదలెడితే బావమరిది ఆ గట్టున మొదలెడతాడు. గుంజలు పాతుకుంటూ, వాటి తలల మీద దూలాలు బిగించుకుంటూ, పైన పలకలు పరుచుకుంటూ వచ్చి నడిమధ్య కలుస్తారు. "బావా, నిద్రపోయావా?" అని ఆ గట్టు నుంచి ఒక కేక. "నీ పలకలు చూస్తే కళ్లు మూసుకుని పరిచినట్టున్నాయిరా!" అని ఈ గట్టు నుంచి ఇంకో కేక. మధ్యలో బురదా, కొంగలూ, ఆ కొంగలకి మనశ్శాంతి లేకపోవడమూ.

గుంజల విషయంలో మాత్రం ఇద్దరికీ ఒకటే మంత్రం: కోసిన మొహం పైకి. గుంజలు ఫ్యాక్టరీలో మందు పట్టించి పంపుతారు. ఆ మందు చుట్టూ పైపొరకీ, రెండు చివర్లకీ పడుతుందే గాని లోపలి గుండెదాకా పోదు. మనం రంపం పెట్టి కోశామంటే మందు పట్టని గుండె బయటపడుతుంది. అందుకే ఫ్యాక్టరీ చివర మట్టిలోకి దించాలి, కోసిన చివర పైకి ఉంచాలి, దానికి పచ్చ మందు రెండు పూతలు పూయాలి. తిరగేసి పాతితే, చుట్టూ పైపొర బానే ఉంటుంది, లోపల గుండె కుళ్లిపోతుంది. పైనుంచి చూసేవాడికి ఏమీ తెలియదు.

పోయిన వానాకాలం పెద్ద చిత్తడి మీది బాట సగం కూలింది. పాతికేళ్లు ఉండాల్సింది ఆరో ఏటే పోయింది. ఆ సమయానికి దాని మీద పోస్టావిడ ఉంది. నడుం లోతు బురదలో పడి మడమ విరగ్గొట్టుకుని, ఉత్తరాల సంచీ మాత్రం తలమీద పెట్టుకుని కాపాడింది. ఆఫీసువాళ్లు వచ్చి గుంజలు పీకించి చూశారు. ఈ గట్టు వైపువన్నీ డొల్ల. తలకిందులుగా పాతారు. ఆ గట్టు వైపువి ఉక్కులా ఉన్నాయి.

"ఈ గట్టు వైపు పాతిందెవరు?" అంది ఇంజనీరమ్మ.

"మామూలుగా నేనేనండి. ఆ పనికి మాత్రం గట్లు మారాం. వాడు ఇటు, నేను అటు" అన్నాడు మేస్త్రి.

ఆరేళ్ల కిందట ఆ బురదలో ఎవరెటు నిలబడ్డారో చెప్పడానికి ఆ ఇద్దరూ తప్ప మూడో మనిషి లేడు. కొంగల్ని అడగలేం కదా.

రిపోర్టు డిగ్రీ అక్కే రాసింది. మేస్త్రి చెప్పింది "వాడి పొరపాటు" అన్న రెండు మాటలే. రిపోర్టులో అంత పొట్టి వాక్యం బావుండదని, "తొందరపాటు వల్లనూ, పని మీద శ్రద్ధ లోపించడం వల్లనూ" అని ఆమె కలిపింది. చదవడానికి నిండుగా ఉంది. అది పట్టుకునే ఆఫీసువాళ్లు తమ్ముణ్ణి పనిలోంచి ఆపి, వాడి పేరు పక్కన ఎర్రగీత పెట్టారు.

ఆ సాయంత్రం తమ్ముడు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, నేను కాదు."

"మరెవరు, మీ బావా?"

వాడు మాట్లాడలేదు.

"తప్పు చేశావు, ఒప్పుకో చిన్నా. ఒప్పుకుంటే నీ తలేం తీసేయరు."

వాడు అక్క మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత గదిలోకి పోయి బట్టలు సంచీలో కుక్కుకున్నాడు. ఆమె ఆపలేదు. మాట్లాడనివాడు తప్పు చేసినవాడే అని ఆమె లెక్క. ఏడాదిగా వాడి గురించి ఎవరు అడిగినా "ఎక్కడో ఉన్నాడు" అని మాట మార్చేస్తోంది.

శుక్రవారం మధ్యాహ్నానికి కూడా కాగితం మీద తేదీ ఒక్కటే ఉంది. ఆలోచన తెగక ఆమె చెప్పులేసుకుని వీధిలోకి వచ్చింది.

"డిగ్రీ అక్కా! ఇటు రావే, నా తోట చూద్దువుగాని" అని టీకొట్టు పిన్ని కేకేసింది. పిన్ని ఆమెకన్నా పదేళ్లు పెద్ద. ఆవిడ ఈమెని అక్కా అంటుంది, ఈమె ఆవిణ్ణి పిన్నీ అంటుంది. ఆ వరస ఎలా కుదిరిందో అడిగే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు.

తోటంటే కొట్టు పక్కన వరసగా నాలుగు చెక్క కుండీలు, వాటిలో నాలుగు పూలమొక్కలు.

"బావున్నాయి పిన్నీ. ఎక్కడివీ కుండీలు?"

"మీ ఆయన బాట కూలిందే, ఆ గుంజలే. ఆఫీసు బండివాడు పారబోయడానికి పోతుంటే ఇక్కడ దింపించుకున్నా. ఏడాదిగా కొట్టు వెనకాల పడున్నాయి. పైభాగం గట్టిగా ఉంటే మా ఆయన పందిరికి వాడాడు. ఇవి మట్టిలో ఉన్న కిందిముక్కలు. లోపలంతా డొల్ల. తవ్వే శ్రమ కూడా లేదు, కుళ్లి మరీ కుండీ అయ్యాయి. తిరగేసి మట్టి పోశానంతే."

డిగ్రీ అక్క నవ్వింది. నవ్వుతూనే వంగి ఒక కుండీ అంచు మీద వేలు పెట్టింది, ఊరికే, మొక్కని ముట్టుకోబోయి. అంచు వెంట వేలు జారుతూ జారుతూ ఒకచోట తగులుకుంది. గోరు మందాన చిన్న మెట్టు.

ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

పెళ్లికి ముందే మేస్త్రి నిచ్చెన మీంచి పడి కుడి మణికట్టు విరిగింది. అతుక్కుంది గాని పూర్తిగా వంగదు. ఏ చెక్కనైనా ఒకవైపు నుంచి ముప్పాతిక దాకా కోసి, చెక్కని తిరగేసి, మిగతాది రెండోవైపు నుంచి కోస్తాడు. రెండు కోతలూ ఎప్పుడూ సరిగ్గా కలవవు. కలిసినచోట గోరు మందాన మెట్టు మిగులుతుంది. వాళ్లింట్లో వంటింటి పీటకి ఆ మెట్టు ఉంది, మంచం కోళ్లకి ఉంది, గోడ అలమరాకి ఉంది. రోజూ ఇల్లు తుడిచే గుడ్డ ఆ మెట్లకి తగులుకుని ఆగుతూనే ఉంటుంది. తమ్ముడి కోత అలా కాదు. ఒక్క ఊపున దిగుతుంది, అద్దంలా ఉంటుంది. "బావా, ప్రతి చెక్కకీ మెట్టెందుకు పెడతావు? చీమలెక్కడానికా?" అని వాడు ఏడిపించేవాడు.

ఆమె రెండో కుండీ అంచు తడిమింది. మూడోది. నాలుగోది. నాలుగింటికీ ఉంది.

"ఏమిటే, మొహం అలా పాలిపోయింది? పురుగుందా?" అంది పిన్ని.

"ఉంది పిన్నీ."

"నలిపెయ్యక చూస్తావేమే!"

"ఒక కుండీ నాకిస్తావా?"

మొక్కతో సహా ఇచ్చింది పిన్ని. దాన్ని చంకనెత్తుకుని ఇంటికి నడుస్తుంటే ఆమెకి ఇంకోటి కూడా గుర్తొచ్చింది. పచ్చ మందు బట్టకి అంటితే జన్మలో వదలదు. కొత్త బాట మొదలైందంటే ఇద్దరి చొక్కాలూ ఆకుల్లా తయారయ్యేవి, ఆమె సబ్బుతో పాటు ఇద్దర్నీ కలిపి రుద్దేసేది. ఆరేళ్ల కిందట, పెద్ద చిత్తడి పని జరిగిన ఆ వారం ఒక్కటే, తమ్ముడి చొక్కా మోచేతుల దాకా పచ్చగా ఉంది, మేస్త్రి చొక్కా మల్లెపువ్వులా వచ్చింది. "ఇన్నాళ్లకి ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేయడం నేర్చుకున్నారు, మా వాడు చూసి నేర్చుకోవాలి" అని మొగుణ్ణి మెచ్చుకుంది తనే. ఆ మెచ్చుకోలుకి ఆయన చిన్నగా నవ్వాడు కూడా.

సాయంత్రం అయిదింటికి మేస్త్రి వచ్చేసరికి కుండీ బల్ల మధ్యలో ఉంది.

"ఇదేంటి, కొత్త మొక్కా?"

"ఎలా ఉందో చూసి చెప్పండి."

ఆయన మొక్కని చూశాడు. తర్వాత కుండీని చూశాడు. చెక్కతో బతికినవాడికి చెక్క మాట్లాడటానికి ఎంతో సేపు పట్టదు. వేలు అంచు దాకా పోయి, తాకకుండా వెనక్కొచ్చింది.

"ఎక్కడిది?"

"ఈ గట్టు గుంజ."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. దగ్గు రాలేదు, దురద పెట్టలేదు, పెరట్లో ఎవరూ పిలవలేదు.

"ఆ వారం చెయ్యి వాచిపోయిందే" అన్నాడు చివరికి. "బురదలో నిలబడి, చేతులెత్తి ఒక్కో గుంజ తల మట్టానికి కోయాలి. నా వల్ల కాలేదు. గట్టు మీద కూర్చుని కొలిచి, కోసి, కోసిన చివరే కిందకి దించేశాను. ఫ్యాక్టరీ చివర పైన ఉంటే మట్టం దానంతటదే కుదురుతుంది. పైగా వానొచ్చేట్టుంది, మందు పూసినా ఆరదు. ఎన్నాళ్లో కొన్నాళ్లు ఉంటుందిలే అనుకున్నా."

"అది చేతకానితనం. దానికి నేనేమీ అనను. చెయ్యి బాలేదని నాకు చెప్పినా, వాడికి చెప్పినా, మీ గుంజలు కూడా వాడే కోసేవాడు. పోయినేడు గట్లు మారామని అన్నారే, దాని సంగతి చెప్పండి."

"వాడు కుర్రాడు. రెండు చేతులూ బావున్నాయి. ఎక్కడైనా బతుకుతాడు. యాభై నాలుగేళ్లకి ఈ మణికట్టుతో నన్నెవరు తీసుకుంటారు? ఏడాది పోయాక మెల్లగా వెనక్కి పిలిపించుకుందామనే అనుకున్నా."

"ఏడాది పోయింది. నిన్న నన్ను వద్దని రాయమన్నారు."

మేస్త్రి మొక్క ఆకు ఒకటి తుంచి వేళ్లతో నలిపాడు.

"వాడొస్తే రోజూ వాడి మొహం చూడాలి" అన్నాడు.

ఆ ఒక్క ముక్కా నిజం చెప్పాడని ఆమెకి అనిపించింది. అనిపించేలోపే ఆయన తల ఎత్తాడు.

"అయినా నన్నొక్కణ్ణే అంటావేం? పొరపాటని ఊరుకున్నాను నేను. శ్రద్ధ లోపించిందని, తొందరపాటని రాసిందెవరు? అవి నేను చెప్పిన మాటలా?"

ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది.  ఇన్నేళ్లూ తను ఆయనకి సాయం చేస్తున్నాననుకుంది. ఆయన చేతిలో ఉన్న పనిముట్లలో తనూ ఒకటి. సంచీలో రంపం, సుత్తి, రసమట్టం, ఇంట్లో డిగ్రీ అక్క. రంపమైనా నయం, పడనప్పుడు కిర్రుమంటుంది.

శనివారం పొద్దున్నే ఆమె బస్సెక్కి గంట దూరంలో ఉన్న ఊరికి వెళ్లింది. తమ్ముడు పళ్ల పెట్టెలు తయారుచేసే షెడ్డులో పనిచేస్తున్నాడని ఎవరో చెప్పగా విని, విననట్టు ఊరుకుంది అప్పట్లో. షెడ్డంతా పల్చటి చెక్కలు, పొట్టు, టకటకమని మేకుల చప్పుడు. వాడు నోట్లో మేకులు పెట్టుకుని పెట్టె వెనక పెట్టె బిగిస్తున్నాడు. అక్కని చూసి మేకులు అరచేతిలోకి ఉమ్మి, లేచి నిలబడ్డాడు.

"ఎవరికైనా బాలేదా?"

"అందరూ బానే ఉన్నారు."

"అయితే కూర్చో" అని ఒక పెట్టె బోర్లించాడు.

ఆమె చెప్పింది. కుండీ, మెట్టు, చొక్కా, అన్నీ. వాడు కొత్త సంగతి వింటున్నవాడిలా లేడు.

"నీకు తెలుసు" అంది ఆమె.

"పీకిన రోజే చూశాను. బావ కోత నాకు తెలియదా?"

"మరి నోరు మూసుకున్నావేరా! ఆ కోత చూడమని నాతో ఒక్క మాట అంటే పోయేదా?"

"అని? నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఇదుగో నీ మొగుడు అబద్ధాలకోరు అని చూపించాలా? పదిహేనేళ్లు మీ ఇంట్లో ఉండి అదా నేను చేయాల్సింది?" వాడు సుత్తి తీసుకుని మళ్లీ పెట్టేశాడు. "నేను కాదక్కా అన్నాను. నీకు అది చాలుననుకున్నా."

"అడిగాను కదా చిన్నా."

"అడగలేదు. ఒప్పుకోమన్నావు."

పక్కన ఎవరో పెట్టెలు దొంతర పేరుస్తున్నారు. వాడు అరచేతిలోని మేకులు పెట్టె అంచున వరసగా పేర్చాడు.

"బావ మీద అంత కోపం లేదు నాకు. భయపడ్డాడు. భయపడినవాడు చేతికందింది పట్టుకుంటాడు, నేను అందాను. నువ్వు భయపడలేదు కదక్కా. నిమ్మళంగా గరిట కడుక్కుంటూ అన్నావు."

ఆమె కళ్లు తుడుచుకుంది. వాడు వద్దనలేదు, ఓదార్చలేదు.

"అర్జీ పెట్టావుగా. నేను నిజం రాస్తాను."

"రాస్తే రాయి. బాటల పని నాకిష్టం, అందుకని పెట్టాను. మీ ఇంటికి రావడానికి కాదు."

మన ఇల్లు అనేవాడు. ఏడాది కిందటిదాకా ఆ ఇంట్లో దీపం మాడినా "మన ఇంట్లో బల్బు పోయింది" అనేవాడు.

ఆదివారం మధ్యాహ్నం తేదీ ఒక్కటే ఉన్న ఆ కాగితం మీద ఆమె రాయడం మొదలుపెట్టింది. రెండు పేజీలు వచ్చింది. ఎక్కడా నిండుదనం కోసం ఏ మాటా కలపలేదు. రాసి, మేస్త్రి ముందు పెట్టింది. ఆయన అలవాటుగా కలం అందుకుని చివరి పేజీ తిప్పాడు. రెండు క్షణాలు ఆమె మాట్లాడకుండా ఉంటే సంతకం పడిపోయేది. ఆ రెండు క్షణాలూ ఆమెకి నోరూరింది, అబద్ధమెందుకు?

"చదవండి" అంది.

"నువ్వు రాశాక చదివేదేముంది?"

"చదవండి. చదవకుండా సంతకం పెట్టించుకుంటే మీకూ నాకూ తేడా ఏముంది?"

ఆయన వేలు పెట్టుకుని ఒక్కో వాక్యమే చదివాడు. గట్లు మారలేదు అన్న చోట వేలు ఆగింది. తర్వాత ఇక కదల్లేదు. కలం మూత పెట్టి, కాగితాలు ఆమె వైపు జరిపి, లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. సంతకం చోటు ఖాళీగా ఉండిపోయింది. ఆమె కింద తన పేరు రాసింది. ఇన్ని రిపోర్టులు రాసింది గాని, తన పేరు రాయడం అదే మొదలు.

సోమవారం కుండీని సంచీలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లింది. ఇంజనీరమ్మ కాగితాలు తీసుకోకుండానే, "కూర్చోండి. మీరు వస్తారని తెలుసు" అంది.

"ఎలా తెలుసండీ?"

"మేస్త్రి గంట కిందటే వచ్చి వెళ్లాడు. తమ్ముడి మీద ప్రేమ కొద్దీ మా ఆవిడ ఏదో రాసి తెస్తుంది, మనసులో పెట్టుకోకండి, పాపం ఈమధ్య మనిషి మనిషిలా లేదు అన్నాడు."

డిగ్రీ అక్క సంచీ ఒడిలోకి లాక్కుంది. శుక్రవారం నాడు దెబ్బ తగిలిందనుకుంది. అది భయంతో వేసిన దెబ్బ. ఇది అలా కాదు. పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, నడిచి వచ్చి వేసిన దెబ్బ. గుమ్మం దగ్గర "పనికి పోతున్నా" అని చెప్పి మరీ వచ్చాడు.

ఆమె కుండీ తీసి ఇంజనీరమ్మ బల్ల మీద పెట్టింది.

"నాకైతే తమ్ముడున్నాడు. ఈ చెక్కకి తమ్ముళ్లెవరూ లేరండి. దీన్ని అడగండి."

"అర్థం కాలేదు."

"ఆ అంచు మీద మెట్టు చూడండి. మీ ముందున్న ఈ బల్ల ఎవరు చేశారండీ?"

"మేస్త్రే. ఆఫీసు బల్లలన్నీ ఆయనే చేశాడు."

"ఒకసారి కిందకి వంగుతారా?"

ఇంజనీరమ్మ కళ్లద్దాలు సర్దుకుని బల్ల కిందకి దూరింది. అటు నుంచి డిగ్రీ అక్క కూడా దూరింది. ఇద్దరూ మోకాళ్ల మీద వంగి, కుండీ నేల మీదకి దించి, బల్లని ఒక పక్కకి ఒరగదీసి, దాని కాళ్ల అడుగులు వేళ్లతో తడిమారు. టీ పట్టుకొచ్చిన గుమాస్తా గుమ్మంలోనే ఆగి, ఏ బోల్టో పడిపోయిందనుకుని తనూ నేలంతా వెతికాడు. నాలుగు కాళ్లకీ మెట్టు ఉంది.

"ఇక ఆ గట్టు వైపు నిలబడి ఉన్న గుంజల తలలు చూడండి. అవి అద్దంలా ఉంటాయి. అవి మా వాడివి" అంది డిగ్రీ అక్క, బల్ల కింద నుంచే.

ఇంజనీరమ్మ లేచి మోకాళ్లు దులుపుకుంది. అప్పుడు కాగితాలు చదివింది. చదివి, బీరువాలోంచి పోయినేటి రిపోర్టు తీసి పక్కన పెట్టుకుంది.

"రెండూ ఒకే చేతిరాత."

"అవునండి. అది చెబితే రాశాను. ఇది చూసి రాశాను."

ఆ మధ్యాహ్నమే ఇంజనీరమ్మ చిత్తడికి వెళ్లి ఆ గట్టు గుంజలు చూసివచ్చింది. మర్నాటికి తమ్ముడి పేరు పక్కనున్న ఎర్రగీత తీసేశారు. మేస్త్రిని విచారణ తేలేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఆయన ఉన్నాడు. ముందు గదిలో ఆయన, వంటింట్లో ఆమె. పిలవాల్సి వస్తే గ్లాసు చప్పుడు చేస్తాడు. ఆమె భోజనం వడ్డించి వచ్చేస్తుంది, పక్కన కూర్చోదు. "ఆఫీసుకెందుకు వెళ్లారు?" అని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు, అది రాసుకునే ఓపిక ఆమెకి లేదు.

గురువారం ఫోన్‌లో తమ్ముడి నుంచి సందేశం వచ్చింది. "సోమవారం నుంచి రమ్మన్నారు. చిత్తడి దగ్గర్లో గది చూసుకున్నాను."

ముందు అక్కా అని లేదు, చివర ఏమీ లేదు. ఆమె పొయ్యి కట్టేసి, పీట మీద కూర్చుని, మంచిది అని రాసి చెరిపేసింది. ఆదివారం భోజనానికి రా అని రాసి అదీ చెరిపేసింది. నన్ను క్షమించు అని రాసి, చదువుకుని, అది రిపోర్టులో మాటలా ఉందనిపించి తీసేసింది. చాలాసేపటికి ఒక్క ముక్క పంపింది.

"గది ఎలా ఉంది?"

బట్టలు ఆరేసి వచ్చేసరికి జవాబు వచ్చి ఉంది.

"ఒకటే కిటికీ. గాలి బానే వస్తుంది."